ఎడమ వైపు సీటు

ఇర్మా చెంబెడు నీళ్లు తెచ్చి కారు గుడ్డ టాపు వెనక అంచు మీద పోశాడు. వెంటనే నేల మీద బోర్లా పడుకుని కారు కిందికి చూశాడు. కుడివైపు గొట్టంలోంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. ఎడమవైపు చుక్క కూడా రాలేదు. నిన్న సాయంత్రం చూసినప్పుడు రెండు వైపులా బాగానే కారాయి.

లేచి వెనక సీటు తడిమాడు. కుడి పక్క పొడిగా ఉంది. ఎడమ పక్క నొక్కితే నీళ్లు ఉబికాయి.

ఆ కారు గీదం ఊరి డాక్టరు సీతయ్యది. బస్తరు సంస్థానంలో ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చాక, జగదల్‌పూర్‌లో ఒకరు వాడి వదిలేసిన దాన్ని కొన్నాడు. దానికి షెడ్డు లేదు. ఇంటి ముందు వానలో తడుస్తూ ఉండేది. టాపు మీద పడిన నీరు వెనక అంచున ఉన్న సన్నటి కాలువలోకి జారి, రెండు పక్కలా ఉన్న గొట్టాల గుండా నేలకు దిగాలి. ఆకో మట్టో అడ్డం పడితే నీరు లోపలికి పొర్లి సీటు తడుస్తుంది. టాపుకి మైనం రుద్దడం, కాలువ ఊడ్చడం, గొట్టాల్లో వెదురు పుల్ల ఆడించడం ఇర్మా పని. అతను కుంట ఊరి వైపు నుంచి వచ్చిన దోర్ల తెగవాడు. తెలుగూ గోండీ రెండూ వచ్చు కాబట్టి రోగుల మాట డాక్టరుకి చెప్పేదీ అతనే.

ఇప్పుడు గొట్టం కింది మూతిలో పుల్ల పెట్టి లాగితే ఆకు రాలేదు. గట్టిగా మెలిపెట్టిన గుడ్డముక్క వచ్చింది.

దాన్ని తీసుకెళ్లి డాక్టరు తల్లి సోమమ్మకి చూపించాడు. ఆవిడ దాన్ని తిప్పి చూసి, అది అతను కారు తుడిచే గుడ్డేననీ, ఇంకోసారి సీటు తడిస్తే ఊరికి పంపించేస్తాననీ చెప్పింది. తడి మీద ఈతచాప పరుస్తానంటే, ఆ వాసన తనకి పడదంది.

వారం వారం డాక్టరు బీజాపూర్ దారిలోని సంతలకు వెళ్లి మందులిచ్చేవాడు. ఆడవాళ్లు మగ డాక్టరుకి జబ్బు చెప్పుకోరని భార్య వెంకమ్మను తీసుకెళ్లేవాడు. పెద్దదిక్కు లేకుండా కోడలు ఊళ్లు తిరగడం బాగుండదని సోమమ్మా బయల్దేరేది. అత్తాకోడళ్లు వెనక సీట్లో, మందుల పెట్టె ముందు డాక్టరు పక్కన, ఇర్మా ఫుట్‌బోర్డు మీద. అది మొదటి నుంచీ సోమమ్మ పెట్టిన పద్ధతి.

ఆ ఏడాది వేసవిలో డాక్టరు కూతురు, ఇంకా పాకడం కూడా రాని పసిది, జ్వరంతో పోయింది. అప్పటి నుంచి మొగుడూ పెళ్లాల మధ్య మాట లేదు. ఆయన ఆస్పత్రి వరండాలోనే పడుకునేవాడు. ఆమె అన్నం పెట్టి పక్కకి వెళ్లిపోయేది.

సీటు తడిసిన రోజున మందుల పెట్టె వెనక్కి వచ్చేది, వెంకమ్మ ముందుకి వెళ్లేది. వానలు ముదిరాక అలా చాలాసార్లు జరిగింది. ప్రతిసారీ అదే ఎడమ గొట్టం, అదే మెలిపెట్టిన గుడ్డ.

కొలువు పోతుందన్న భయం కన్నా, ఇది ఎవరి పనో తెలుసుకోవాలన్న ఆరాటమే ఇర్మాకి ఎక్కువైంది. ఒక సాయంత్రం కట్టెలు కొడుతూ చూస్తే, వెంకమ్మ కారు ఎడమ పక్కకి వచ్చింది. వెనక అంచు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు సీటు తడిసింది. ఇర్మాకి సంగతి అర్థమైపోయింది.

ఆ రోజు సంతకు వెళ్తుంటే దారిలో వాగు పొంగింది. నీరు తగ్గేదాకా ఆగాల్సి వచ్చింది. ఇర్మా బయట నిలబడి, టాపు మధ్యలో గుంటపడి నిలిచిన నీటిని కాలువ వైపు తోస్తున్నాడు. వెనక సోమమ్మ మూలకి ఒరిగి కళ్లు మూసుకుంది. ముందు సీట్లో వెంకమ్మ వాగునే చూస్తూ అడిగింది.

"సూదిమందు ఇంకాస్త ముందు ఇచ్చుంటే బతికేదా?"

డాక్టరు స్టీరింగు వదిలి ఆమె వైపు తిరిగాడు.

"లేదు. ఏ మందూ పనిచేసేది కాదు. ఆ మాట నీతో అనడానికి నోరు రాలేదు. నేనే చంపానని నువ్వు అనుకుంటున్నావేమోనని..."

"ఎండలో సంతకి ఎత్తుకెళ్లింది నేను కదా. తప్పు నాదేనని మీరు అనుకుంటున్నారనుకున్నాను నేను."

తర్వాత ఇద్దరూ ఏడ్చారు. ఇర్మా నీళ్లు తోయడం ఆపి వాగు ఒడ్డుకి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నుంచి డాక్టరు పడక ఇంట్లోకి మారింది.

నాలుగు రోజులు పోయాక, వెంకమ్మ పెరట్లో ఒక్కతే ఉన్నప్పుడు ఇర్మా మెల్లగా అన్నాడు. "అమ్మా, ఆ గుడ్డ పెట్టేది మీరేనని నాకెరుకే. ఎవరికీ చెప్ప. నీళ్లు నిలిస్తే కింద చెక్క కుళ్లిపోతదని అంటన్న, అంతే."

వెంకమ్మ తెల్లబోయింది. తను ఆ సాయంత్రం గుడ్డ ఉందేమో చూడ్డానికి మాత్రమే వెళ్లిందట. పెడుతున్నది డాక్టరే అనుకుందట. మధ్యాహ్నం ఆమె అడిగితే డాక్టరు నవ్వేసి, ఇర్మాయే పెడుతున్నాడనుకుని ఇన్నాళ్లూ ఏమీ అనలేదన్నాడు.

"నేనేంది దొరా, నా కొలువు నేనే పోగొట్టుకుంటనా?" అన్నాడు ఇర్మా.

సాయంత్రానికి మళ్లీ మబ్బు పట్టింది. ఇర్మా రెండు గొట్టాలూ శుభ్రం చేసి, నీళ్లు పోసి చూసి, చెంబు కడుక్కుంటున్నాడు. సోమమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని మెట్లు దిగి వచ్చింది. తనను ఊరికి పొమ్మనడానికే వస్తోందనుకుని అతను లేచి నిలబడ్డాడు. ఆవిడ ఇంటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఇవాళ్టి నుంచి ఆ గుడ్డ నువ్వే కుక్కు ఇర్మా, నాకు నడుం వంగడం లేదు."