బార్నబస్ మంచుబండి

బఫెలో స్టేషన్‌లో రైల్వే అధికారి రైలుకి తగిలించిన మంచుబండి తలుపు మీద చెయ్యి వేశాడు.

"తియ్యొద్దు. చలంతా పోతుంది," అంటూ కెజియా అడ్డంగా నిలబడింది.

"కంపు వచ్చిందంటే మాత్రం మీ బండిని ఇక్కడే విప్పేసి వదిలేస్తానమ్మా."

బండిలో మంచు నింపే డెలానీ ఆ మాటకి గంప దించి చూశాడు. పోయిన వేసవిలో కంపు మొదలైంది ఇక్కడే. పశువుల్ని ప్రాణాలతో రైలెక్కించడం దండగ, షికాగోలోనే కోసి మంచులో మాంసం పంపిస్తానని కెజియా భర్త బార్నబస్ ఉన్నదంతా ఊడ్చి పెట్టాడు. మొదటి బండి సరుకంతా దారిలోనే కుళ్లింది. అది ఊరు చేరగానే అక్కడి కసాయివాళ్లు ముక్కులు మూసుకుని మరీ నవ్వారు. ఇదీ పాడైతే ఇక ఆ మనిషిని నమ్మేవాడుండడు.

అధికారి చెక్కల సందుల్లో వాసన చూసి, సణుక్కుంటూ వెళ్లిపోయాడు. డెలానీ బండి పైకెక్కి మంచూ ఉప్పూ దట్టించాడు. సరుకు ఎక్కించినప్పుడు అతను లేడు; వచ్చేసరికే తలుపుకి తాళం పడింది. జ్వరంతో మంచాన పడ్డ మొగుణ్ణి వదిలి ఈవిడ ఈ ఎండల్లో ఎందుకు బయల్దేరిందో అతనికి అంతుబట్టలేదు.

"అయ్యగారికి జ్వరం తగ్గిందా అమ్మగారూ?"

"తగ్గింది. ఇంకో గంప మంచు పొయ్యి."

దారి పొడవునా ఆవిడ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. రైలు ఆగినప్పుడల్లా దిగి, చెక్కలకు అరచెయ్యి ఆనించి చలి ఉందో లేదో చూసుకునేది. మాంసం కోసం ఇంత తపించే ఇల్లాలిని డెలానీ ఎక్కడా చూడలేదు. పాపం అనిపించింది.

మసాచుసెట్స్ తీరాన బార్నబస్ పుట్టిన ఊళ్లో రైలు ఆగేసరికి కసాయివాళ్లు కాచుకుని ఉన్నారు. షికాగో కుళ్లు మళ్లీ వచ్చిందని ఒకడు అంటే మిగతావాళ్లు పగలబడి నవ్వారు. వాళ్ల వెనక బార్నబస్ తల్లి డోర్కస్ కర్ర పట్టుకుని, ఎవరివైపూ చూడకుండా నిలబడింది. కొడుకుని ఇంతమంది ఎగతాళి చేస్తుంటే కన్నతల్లికి కష్టంగా ఉండదా అనుకున్నాడు డెలానీ.

కెజియా తాళం తీసింది. చల్లగాలి మొహాన కొట్టింది. డెలానీ గుండెల నిండా పీల్చాడు. కంపు పిసరంతైనా లేదు. కసాయివాళ్ల నవ్వులు ఆగిపోయాయి.

"అయ్యగారు గెలిచారమ్మా," అన్నాడు డెలానీ.

ఆవిడ వినిపించుకోలేదు. ముసలావిడ చెయ్యి పట్టుకుని బండిలోకి ఎక్కించింది. లోపల ఒక్క కొక్కేనికీ మాంసం లేదు.

"రండి అత్తయ్యా, మీ అబ్బాయి మొహం ఏమీ మారలేదు."