ఏడో నెంబరు తల

ఎక్కడిదాకా వచ్చాం కోడలా? ఆఁ, పెద్దాసుపత్రి డాక్టరు బల్ల గుద్దాడు. అక్కణ్ణించి రాసుకో.

గుద్దిన దెబ్బకి టీ గ్లాసు దొర్లింది. ఎదురుగా కూర్చున్న స్కాన్లమ్మ కదల్లేదు. మూడు ఆసుపత్రుల స్కానింగు మెషీన్లకీ, వాటితో పరిశోధన చేసే డాక్టర్లకీ మధ్య రోట్లో తలలా నలిగే ఉద్యోగం ఆవిడది. అందుకే ఆ పేరు పడింది. డాక్టరుకీ వెనకాల ఒక పేరుంది, ఉరుము.

"మచ్చ తలలో లేదు, వాళ్ళ మెషీన్లో ఉంది!" అన్నాడు ఉరుము. "ఆ చిన్నాసుపత్రి డొక్కు మెషీన్లో పడుకుంటే పిండిమరలో పడుకున్నట్టుంటుంది. అది తీసిన బొమ్మ నేను చూడాలా?"

"చూడకుండానే లేదంటే ఎలా సార్?"

"అదే తల మా మెషీన్లోనూ తీశాం. అద్దంలా ఉంది."

"అది ఆర్నెల్ల కిందటి బొమ్మ సార్."

వాళ్ళ పద్ధతి ఒకటుంది. మెషీన్లన్నీ ఒకేలా చూపిస్తున్నాయో లేదో తేలాలంటే ఒకే మనిషి అన్నింట్లోనూ పడుకోవాలి. అలా కొందరు తమంతట తామే వచ్చి తలలు అరువిచ్చారు. బొమ్మ మీద పేరుండదు, నెంబరే. ఎవరి నెంబరు ఏదో స్కాన్లమ్మకి తప్ప ఆ మనిషికి కూడా తెలియదు. ఏదైనా తేడా కనిపిస్తే రెండు ఆసుపత్రుల డాక్టర్లు చూసి, నిజమేనని సంతకం పెట్టాకే ఆవిడ ఆ మనిషికి చెప్పాలి. లేకపోతే మెషీను చేసిన తప్పుకి ఒక మనిషి చావుభయంతో బతకాల్సి వస్తుంది.

ఏడో నెంబరు తలలో మిరియం గింజంత మచ్చ. ఇప్పుడే తీసేస్తే మనిషి దక్కుతాడు. నాన్చితే ముందు మాట పడిపోతుంది, ఆ తర్వాత మనిషి. చిన్నాసుపత్రి డాక్టరమ్మ సంతకం పెట్టింది. ఇక ఉరుము పెట్టాలి.

"నా దగ్గర పని నేర్చుకుని నాకే పాఠాలు చెబుతుందా ఆవిడ? ఆవిడ సంతకం పక్కన నా సంతకమా? చస్తే పెట్టను!"

"ఆ మాట అనకండి సార్," అంది స్కాన్లమ్మ.

"ఏం? ఆ ఏడో నెంబరు నీకేమైనా చుట్టమా?"

"చుట్టం కాదు. నాకు నచ్చిన మనిషీ కాదు."

"అయితే ఆగనీ. ఎవడి ఖర్మ వాడిది. పో."

స్కాన్లమ్మ పోయింది. పోయి ఊరుకునే రకం కాదు. మర్నాడు పదిమంది డాక్టర్ల మీటింగులో తెర మీద ఒక బొమ్మ వేసింది. దాని మీద ఆసుపత్రి గుర్తు చెరిపేసి ఉంది.

ఉరుము కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇదీ బొమ్మంటే! చూడగానే తెలియడంలా ఎవరి మెషీనో? మచ్చ చూడు, గుడ్డివాడికైనా కనిపిస్తుంది. దీని పక్కన వాళ్ళ డొక్కుది పెట్టి చూపించండి, కాస్త సిగ్గొస్తుంది."

"మచ్చ నిజమేనంటారా సార్?"

"నా కళ్ళకే పరీక్షా?"

"అయితే సంతకం పెట్టండి. ఇది ఆ డొక్కు మెషీను తీసిందే. ఏడో నెంబరు."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఉరుము మొహం మాడిన పెనంలా అయింది. కాగితం చిరిగేలా సంతకం గీకి ఆవిడ మీదికి విసిరాడు.

"నలుగురిలో నా పరువు తీశావు. ఇకమీద నీ మొహం నాకు కనబడకూడదు, నీ గొంతు నాకు వినబడకూడదు!"

"ఒక్క మాట సార్..."

"బయటికి!"

తలుపు ఆవిడ మొహం మీదే మూసుకుంది.

ఆ పూటనించే ఏడో నెంబరు మనిషికి ఫోన్ చేయడం మొదలెట్టింది. ఎత్తడు. మెసేజీ పెడితే చూడడు. చివరికి ఇంకో పద్ధతి గుర్తొచ్చింది. మెషీన్లో పడుకునే ముందు ప్రతి మనిషీ, నేను దొరక్కపోతే ఫలానా వాళ్ళకి చెప్పండని ఒక పేరు చెప్పి ఉంచుతాడు. ఆ ఇంటికే వెళ్ళింది.

ఒక ముసలాయన తలుపు తీశాడు. అంతా విని ఆవిణ్ణి లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు.

"మీరైనా చెప్పండి బాబాయ్‌గారూ. ఇవాళే చెప్పండి," అంది స్కాన్లమ్మ.

"చిన్నప్పణ్ణించీ అంతేనమ్మా వాడు. ఎదురుగా చెబితే చెవిన పెట్టడు. పోట్లాటలో ఎవరు గెలిచారో తేల్చే కథ అయితే మాత్రం చివరిదాకా కదలడు," అన్నాడు ముసలాయన.

ఇది వెంటనే నీ మొగుడికి చదివి వినిపించు కోడలా, ఉరుమూ వాడే, ఏడో నెంబరూ వాడే.