ఐదింటిలోపు

"డబ్బు పడ్డాకే తాళాలు. ముందు కాదు," అన్నాడు లక్ష్మీపతి.

"తాళాలు వద్దు అంకుల్. పాపని కాసేపు లోపల పండబెడ్తం, అంతే," అన్నాడు వినీత్. చంకలో ఎనిమిది నెలల పిల్ల ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. వెనక కారు నిండా దిండ్లు, గిన్నెలు, వాటి మధ్య అతని భార్య దేదీప్య. "మా టౌన్‌హౌస్ పొద్దున్నే ఖాళీ చేసినం."

"లోపల చాప కూడా లేదు. అంతా ట్రక్కులో ఉంది."

అది నిజమే. వాకిట్లో అద్దె ట్రక్కు, గరాజ్ నీడలో ఒక మడత కుర్చీ, దాంట్లో లక్ష్మీపతి. ఫ్రిస్కోలో ఆగస్టు ఎండ రోడ్డు మీద మరుగుతోంది.

ఒప్పందం ప్రకారం ఇవాళ, శుక్రవారం, సాయంత్రం ఐదింటిలోపు లక్ష్మీపతి ఇంటికి వినీత్ కట్టవలసిన డబ్బు, ఇళ్ల రిజిస్ట్రేషన్లు చూసే టైటిల్ కంపెనీకి చేరాలి. చేరకపోతే బేరం రద్దు. ముందు కట్టిన ఐదు వేల డాలర్ల అడ్వాన్సు లక్ష్మీపతిది.

"టౌన్‌హౌస్ అమ్మిన డబ్బు రాంగనే మీకు పంపుడే అంకుల్. అది కొనే ఆంటీకి ఎక్కడో ఆగిందంట."

"అది నాకెందుకు?"

"ఇన్‌స్పెక్షనని, అప్రైజలని, లోన్ ఫీజులని ఇప్పటికే రెండు వేలు పోయినయ్. ఈ ఐదు కూడా పోతే మా దగ్గర ఏం మిగలదు. సోమవారం దాకా ఆగండి అంకుల్, ప్లీజ్."

"సంతకం పెట్టేటప్పుడు చదివావా?"

"చదివిన."

"మరింకేం?"

వినీత్ పాపని ఇంకో చంకకి మార్చుకున్నాడు. లక్ష్మీపతికి గెలిచానన్న సంతోషం లేదు. ఒళ్లంతా నొప్పులు. మూడు రోజులుగా ఒక్కడే పెట్టెలు కట్టాడు. ఎవరి కష్టం వినే ఓపికా మిగల్లేదు.

దేదీప్య కారు దిగి వచ్చింది. "మీ ఇంట్ల ఆంటీ బతికుంటే మమ్మల్ని ఇట్ల ఎండలో నిలబెట్టేదా అంకుల్?"

"లేదుగా. నీళ్లు కావాలంటే పైపు అక్కడుంది."

ఆమె అటు చూడలేదు. వెనక్కి వెళ్లి కారు తలుపు గట్టిగా వేసుకుంది.

లక్ష్మీపతి చొక్కా జేబు తడుముకున్నాడు. బ్యాంకు ద్వారా డబ్బు పంపే వైర్ ఫారం, మడిచింది, అక్కడే ఉంది. తానూ ఇర్వింగ్‌లో రెండు గదుల కాండో ఫ్లాటు కొంటున్నాడు. బ్యాంకులో ఉన్నదంతా దానికే. ఆ డబ్బు పొద్దున్నే పంపవలసింది. ఫారం నింపి, చెప్పులేసుకునేసరికి పదిన్నర, రాహుకాలం. ఆ వేళప్పుడు డబ్బు చెయ్యి దాటకూడదనేది భార్య. ఆవిడ ఉన్నన్నాళ్లూ నవ్వాడు. పోయాక ఒక్కసారీ తప్పలేదు. పన్నెండు దాటాక బయల్దేరబోతే వినీత్ ఫోన్ చేశాడు, డబ్బు ఆలస్యమవుతోందని. లక్ష్మీపతి చెప్పులు విడిచి మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

మూడింటికి అతని ఏజెంట్ జగదీష్ ఫోన్ చేశాడు.

"అంకుల్, వైర్ చేశారా? కాండో వాళ్లు పొద్దుట్నుంచీ అడుగుతున్నారు. మీరన్నట్టే రాహుకాలం అని చెప్పి ఆపాను."

"జేబులోనే ఉంది. నాకు రావలసింది వచ్చాకే తీస్తాను."

"అలా లింక్ పెట్టకూడదు అంకుల్! అది వేరే డీల్, ఇది వేరే డీల్."

"డబ్బు వేరు కాదుగా! ఉన్నదంతా అక్కడ పోశాక ఈ ఇల్లు అమ్ముడుపోకపోతే దీని లోను ఎవరు కడతారు, నువ్వా? మధ్యలో సర్దమంటే బ్యాంకులు ఇప్పుడు మొహం చూడ్డం లేదు."

"ఇవాళే లాస్ట్ డేట్ అంకుల్. వాళ్లు ఒప్పుకోరు."

"సోమవారం ఇస్తానని చెప్పు. రెండ్రోజులు ఆగలేరా? మనుషులు కారూ?"

ఫోన్ పెట్టేశాడు. వినీత్ అతని వంక చూసి, తల తిప్పుకున్నాడు.

ఎండ గరాజ్‌లోకి జరిగింది. లక్ష్మీపతి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. పాప మళ్లీ ఏడుపు అందుకుంది. వినీత్ ట్రక్కు నీడలో అటూ ఇటూ తిరుగుతూ జోకొడుతున్నాడు.

నాలుగున్నర అయింది.

"ఇంక చాల్లే అబ్బాయ్," అన్నాడు లక్ష్మీపతి లేస్తూ. "బ్యాంకులో వైర్లు నాలుగింటికే ఆపేస్తారు. ఇవాళ్టికి ఎవరి డబ్బూ కదలదు. ఇంటికి పొండి."

"ఏ ఇంటికి అంకుల్?"

లక్ష్మీపతి కుర్చీ మడిచి ట్రక్కుకి ఆనించాడు.

"ఒక్క నిమిషం. టౌన్‌హౌస్ కొనే ఆంటీకి లాస్ట్ టైం చేస్త." రెండు చేతులా పాపే ఉంది. వినీత్ ఫోన్‌ని ట్రక్కు మెట్టు మీద పెట్టి, స్పీకర్ నొక్కాడు. ఒక్క రింగుకే ఎత్తారు.

"ఆంటీ, ఏమైంది? ఎందుకు పంపలే?"

"నన్నేం చెయ్యమంటావు బాబూ!" పెద్దావిడ గొంతు, పొద్దుట్నుంచీ మాట్లాడి మాట్లాడి బొంగురుపోయింది. "తిండి కూడా తినకుండా ఈ టైటిల్ కంపెనీ ఆఫీసులోనే కూర్చున్నా. నా కాండో అమ్మిన డబ్బు వస్తే కదా మీ టౌన్‌హౌస్‌కి కట్టేది! అది కొనే ముసలాయన పొద్దున రాహుకాలం అన్నాడట. ఇప్పుడేమో సోమవారం అంటున్నాడట."

"ఆయన దగ్గర డబ్బు లేదా ఆంటీ?"

"లేకేం! కాయితం జేబులోనే ఉందట బాబూ, తనకు రావలసింది వచ్చాకే తీస్తాడట!"