జలపతి ఒక్కడికే వచ్చిన కంప్యూటరు

పన్నెండింటికి కోరుట్ల నుంచి గోదాము యజమాని నర్సన్న సేటు వచ్చి కెమెరా వీడియోలు చూస్తాడు. ఆలోపే వాటిని తుడిచేయాలి. లేదంటే కొడిమ్యాల గోదాములో మాయమైన నలభై పసుపు బస్తాలు ఎవరి ఆటో ఎక్కాయో తెలిసిపోతుంది. తుడిచేస్తే మాత్రం దొంగ సిద్ధంగానే ఉంది. ఆపరేటర్ నీల! గోదాము తాళాలు ఉండేది ఆమె దగ్గరే. చంటిపిల్ల తల్లి, ఇంటర్ మధ్యలో ఆపేసిన మనిషి. ఏడుస్తుంది, పోతుంది. ఇదీ మేనేజర్ జలపతి పథకం.

వీడియోలు దాచే సర్వర్‌కు బొమ్మలుండవు, మౌస్ ఉండదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. "గిది సదువుకున్నోళ్ల మిషన్. నీ అసొంటోళ్లకు రాదు" అంటూ ఏడాదిగా నీలను దాని దగ్గరికి రానివ్వలేదు. పాపకు పాలిస్తూ ఆమె ఫోన్‌లో కంప్యూటర్ పాఠాలు వింటుంటే పగలబడి నవ్వేవాడు. తనకు వచ్చిందల్లా దాని ముందు దర్జాగా కూర్చోవడం. ఏ పనికి ఏ లైను కొట్టాలో బిగించినవాళ్లు రాసిచ్చిన కాగితం ఇవాళే మడత విప్పాడు.

ఒంటివేలితో, చెమటలు కక్కుతూ, తుడిచేసే లైను కొట్టాడు. మిషన్ పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాడు. తెర మీద అక్షరం కాదు కదా, చుక్కయినా పడలేదు. ఎంటర్ దాకా పోనేలేదు.

"నీలా! గీ కీబోర్డ్‌కు ఏం రోగమచ్చింది?"

నీల వచ్చింది. తెర మీది లైను చదివింది. "మల్లోపారి కొట్టుండ్రి సార్, చూస్త."

"చూడు! కె... ఐ... ఎన్... జి... ఒకటి, రెండు, మూడు. పడ్డదా?" ఒక్కో మీటనూ మేకు దిగ్గొట్టినట్టు కొట్టాడు.

"ఏం పడలే సార్. జగిత్యాల పోయి కొత్తది పట్టుకరాండ్రి."

"నేనచ్చేదాక దీన్ని ముట్టకు. ముట్టినా నీకేం సమజయితది తియ్!"

బండి మీద ఎగిరిపోయాడు. కొత్త కీబోర్డును పసిపిల్లలా చంకనేసుకుని పన్నెండుకు పది నిమిషాల ముందే వచ్చిపడ్డాడు.

అప్పటికే అతని కుర్చీలో సేటు కూర్చుని ఉన్నాడు. సేటు చేతిలో ఫోను. ఫోనులో ఆటోలోకి బస్తాలు మోస్తున్న జలపతి.

"అరే జలపతీ, నువ్వు గింత కష్టపడ్తవని నాకు తెల్వకపాయె!" అన్నాడు సేటు.

జలపతి నీల మీదికి తిరిగాడు. "కీబోర్డ్ సచ్చింది గదా! సేటుకు వీడియో ఎట్ల తీసి పంపినవే?"

"సావలే సార్. గీ మిషన్‌ల ఎవ్వలు కొట్టినా పాస్‌వర్డ్ తెర మీద కనబడదు. మీరు గట్టిగ సదివిండ్రు గాబట్టి నాకు తెలిసింది."