గోడలు విన్న మాటలు

రొట్టెల మీద కప్పిన గుడ్డ ఇంకా తియ్యనే లేదు, జాషువా మొదలుపెట్టాడు.

"అన్నా, ఇల్లూ వాకిలీ నేను సూసేది లేదు. శనివారం బువ్వ కాడ ఈ ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో అది ఇనాల. బట్టీ పట్టిన మాటలు నాకొద్దు. ఈ గోడలు వారం వారం ఇనే మాటలు కావాల."

యేసేపు తల ఊపాడు.

జాషువాది ఆదోని. పత్తి మార్కెట్లో మూటలు తూకం వేస్తాడు. ఒక్కతే కూతురు, కవిత. యూదుల ఆచారం పాటించే ఇళ్ళు ఆ చుట్టుపక్కల వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో పెళ్ళీడు కొడుకు ఉన్నది ఎమ్మిగనూరులో ఈ నేతగాడు యేసేపు ఇంట్లోనే. శుక్రవారం పొద్దు గూకగానే మొదలయ్యే విశ్రాంతిదినాన బస్సెక్కరు కాబట్టి జాషువా ఆ వేళకు ముందే దిగాడు. తెలిసినవాళ్ళ ఇంట్లో పడుకుని, శనివారం మధ్యాహ్నానికి నడిచి వచ్చాడు.

పిల్ల సరే అంది. పిల్లవాడు దానియేలు సరే అన్నాడు. తేలాల్సింది జాషువా మనసే. ఆచారం పేరుకు మాత్రమే ఉన్న ఇంట్లో బిడ్డ పడితే, ఊరు కాని ఊళ్ళో ఎవరితో చెప్పుకుంటుందని అతని దిగులు.

"నాయనా దానియేలూ," అన్నాడు. "దేవుడు ఆరు దినాలు పని చేసినాడు. ఏడో దినం ఎందుకు కూసున్నాడు? అలిసిపోయినాడా?"

దానియేలు చెమట తుడుచుకున్నాడు. "నిర్గమకాండం... ఇరవయ్యో అధ్యాయం..."

"ఆ పుస్తకం మా ఇంట్లో గూడ ఉంది."

దానియేలు తండ్రివైపు చూశాడు. తండ్రి అలసందల కుండవైపు చూశాడు. విశ్రాంతిదినాన పొయ్యి వెలిగించరని నిన్న సాయంత్రమే నిప్పుల మీద పెట్టిన కుండ అది, ఇంకా పొగలు కక్కుతోంది.

"వారం వారం మా ఇంటాయన ఈ సంగతులన్నీ ఈది కొస దాకా ఇనపడేటట్టు అరిసి సెప్తాడు," యేసేపు భార్య పార్వతమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఈపొద్దు సూడన్నా, నోట్లో నాలుకే లేదు!"

జాషువా నవ్వలేదు. అప్పుడు పెరటి గడప దగ్గర నుంచి ఒక గొంతు లేచింది.

"అలిసిపోయి కాదప్పా."

ముసలామె. గోడకు వీపు ఆనించి కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఇందాకటి నుంచీ అక్కడే ఉంది. తాయమ్మ అని ఎవరో పిలవగా జాషువా విన్నాడు. యేసేపు తల్లి కాబోలు అనుకున్నాడు.

"సీర నేసినాక నేతగాడు ఏం చేస్తాడు? మగ్గం మీద నుంచి కోసి, పరిసి, ఒకసారి కండ్ల నిండా సూసుకుంటాడు. దేవుడు గూడ అంతే. సూసుకోకుండా ఇంకో సీరకు కూసుంటే, నేసింది బాగుందో లేదో ఎట్ల తెలుస్తాది?"

జాషువా పంచె సర్దుకుని ఆమెవైపు తిరిగి కూర్చున్నాడు.

"మనుషులకు సరేలేవ్వా. ఎద్దుకు గూడ ఈ దినం సెలవెందుకు? అదేమన్నా ప్రార్థన చేస్తాదా?"

"ఐగుప్తులో బానిసలై ఇటుకలు మోసినోళ్ళను అడుగు. సెలవు లేని బతుకు ఎట్లుంటాదో వాళ్ళకు తెలుసు. మనిషైతే నోరు తెరిసి అడుగుతాడు. ఎద్దు యాడ అడుగుతాది?"

"ఇంకొకటి అడుగుతా..."

"అబ్బ! ఆదోని తూకమేమో ఇది. ఎన్ని రాళ్ళేసినా నీ ముల్లు నిలబడదే!"

ఈసారి జాషువా కూడా నవ్వాడు. కానీ వెంటనే గొంతు తగ్గించాడు.

"ఆఖరుది. ఆ రొట్టెల మీద గుడ్డ ఎందుకు? ఈగలు వాలకుండా అంటే మాత్రం ఒప్పుకోను."

"ముందు ద్రాచ్చరసం గిన్నె ఎత్తి దీవెన సెప్తారు. రొట్టె పెద్దది గదా. పెద్దదాన్ని పక్కన బెట్టి రసానికి మర్యాద చేస్తే అది సిన్నబుచ్చుకోదా? అందుకే దానికి కనపడకుండా కప్పుతారు." తాయమ్మ కాస్త ఆగింది. "రొట్టె సిన్నబుచ్చుకుంటాదని ఇంత చేసేటోళ్ళు, నీ కూతురు సిన్నబుచ్చుకోకుండా సూసుకోరా అప్పా?"

జాషువా ఆ గుడ్డవైపు చూశాడు. తర్వాత కండువాతో ముక్కు తుడుచుకున్నాడు.

"దీవెన సెప్పన్నా," అన్నాడు.

యేసేపు గిన్నె ఎత్తాడు. పార్వతమ్మ చెప్పింది నిజమే, గొంతు వీధి కొస దాకా పోయింది. గుడ్డ తీశారు. రొట్టె తుంచి ఉప్పులో అద్ది పంచారు. జాషువా రెండు సార్లు అలసందలు వేయించుకున్నాడు.

"పిల్లనిస్తా," అన్నాడు కుండ అడుగు కనపడ్డాక. "ఈ అవ్వ ఉన్న ఇంట్లో నా బిడ్డకు ఏ దిగులూ లేదు."

"అది కాదన్నా, ఈమె మా..." యేసేపు ఇబ్బందిగా కదిలాడు.

"నువ్వు ఊరుకో. అడిగినప్పుడు ఊరుకున్నావు, ఇప్పుడెందుకు!"

పార్వతమ్మ, దానియేలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జాషువా మాత్రం లేచి, రొట్టె ముక్క తుంచుకుని గడప దగ్గరికి పోయాడు.

"అవ్వా, నేనొచ్చినప్పటి నుంచీ నువ్వు మెతుకు ముట్టినట్టు లేదు. నా చేత్తో పెడతాండా, తిను. దీంతో సంబంధం ఖాయం."

"వద్దప్పా," తాయమ్మ నవ్వుతూ రెండు చేతులూ జోడించింది, "శనివారం గదా, ఉరుకుంద ఈరన్నకు ఒక్కపొద్దు ఉండాను, మా ఇంట్లో సామికి దీపం పెట్టేదాకా పచ్చి నీళ్ళు గూడ ముట్టను, నేను ఈ గోడకు ఆవలింటిదాన్ని."