థిన్నరు షెడ్డుకి గాలొచ్చిన రోజు

గంట మోగింది.

అమలమ్మ సగం నిండిన పెయింటు థిన్నరు డబ్బా ఎక్కడున్నది అక్కడే పెట్టేసి బయటికి నడిచింది. మిగతావాళ్లూ అంతే. ఎదురుగా చెక్కబాడీ కడుతున్న లారీ ఒకటుంది. దాని నీడలో కూలబడ్డారు. మే నెలలో ఆటోనగర్ కూలోళ్లకి అంతకుమించిన ఏసీ లేదు.

"చల్లగా ఉండు తల్లీ," అన్నాడు మరియదాసు, గంటనుద్దేశించి, చొక్కా విప్పి పిండుకుంటూ. "మా ఓనరు కంటే నువ్వే నయం. రోజుకోసారైనా బయటికి తోలుతున్నావు."

ఓనరు లక్ష్మీకాంత్ కారు దిగాడు. ఇంజను ఆపలేదు, లోపలి చల్లదనం పోతుందని. పనోళ్లని ఒక్క మాట అనలేదు. అలాంటివాళ్లకి కోపమంతా యంత్రాల మీదే. యంత్రాలకి డబ్బు పెట్టారు మరి.

"రోజూ మిట్టమధ్యాహ్నం దీనికి పూనకమేంటయ్యా?" అని ఫోనులో అరిచి, ఆ ఫైరు అలారం చూసే టెక్నీషియన్ ఆరోన్‌ని రప్పించాడు.

ఆరోన్ నిచ్చెనెక్కి, రేకుల కప్పు కింద బిగించిన డిటెక్టర్లు చూశాడు. అవి పొగకి మోగేవి కావు, వేడికి మోగేవి. థిన్నరు అంటుకుంటే పొగ వచ్చిందాకా ఆగే తీరిక ఎవరికీ ఉండదు. దిగేసరికి ఆరోన్ నిలువునా తడిసిపోయాడు.

"లోపమేం లేదండి. యాభై ఏడు డిగ్రీలకి మోగాలి. కప్పు దగ్గర అంత ఉంది, మోగింది."

"తీసేసి కాస్త మొద్దుది పెట్టు."

"థిన్నరు కదండీ, ఇన్సూరెన్సువాళ్లు ఒప్పుకోరు."

"పోనీ మధ్యాహ్నంపూట ఆపేయ్."

"ఆపితే వాళ్లకే మెసేజి వెళ్లిపోద్దండి."

అమలమ్మ లేచొచ్చింది. "అయితే మేం పన్జేసేది పొయ్యిలోనేనని మీ మిషనే చెప్తోంది కదండీ."

"అది కప్పు దగ్గరమ్మా. నువ్వేవన్నా కప్పుకి వేలాడుతున్నావా?"

"మా ఆయన నేల మీదే ఉన్నాడండి. నేల మీదే పడ్డాడు."

లక్ష్మీకాంత్ వాచీ చూసుకున్నాడు.

ఆమె మొగుడు శౌరయ్య ఈ షెడ్డులోనే డ్రమ్ము దొర్లిస్తూ వడదెబ్బకి పడిపోయాడు. ఇంకోసారిలా అయితే లేవడని డాక్టరు చెప్పాడు. గుణదలలో, ఇంట్లో, ఒంటిమీద తడితువ్వాలు కప్పుకుని పడున్నాడు. సోమవారం రాకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటానని లక్ష్మీకాంత్ కబురు పంపాడు. వస్తే మనిషి పోతాడు, రాకపోతే పని పోతుంది. అమలమ్మ అడిగింది ఒకటే, షెడ్డులో ఫ్యాను.

"ఫ్యానా? రవ్వ లేస్తే అందరం కలిసి బూడిదవుతాం. తెలీనప్పుడు మాట్లాడకు," అని అప్పుడు నోరు మూయించాడు.

ఇప్పుడామె ఆరోన్ వైపు తిరిగింది. "రవ్వ లేవని ఫ్యాన్లు ఉండవా బాబూ?"

ఆరోన్ ఓనరు మొహం చూశాడు, తర్వాత నేల చూశాడు. "ఉంటాయమ్మా. ఫ్లేమ్‌ప్రూఫ్ బ్లోయర్లని."

"కొత్తగా వచ్చినయ్యా?"

"ఎప్పట్నుంచో ఉన్నాయి."

మరియదాసు పెద్దగా నవ్వాడు. అమలమ్మ నవ్వలేదు.

"మిషను మోగితే టెక్నీషియన్ని పిలిచారండి. మా ఆయన పడిపోతే గేటు మూయమన్నారు, రోడ్డు మీదోళ్లు చూస్తారని."

లక్ష్మీకాంత్ షెడ్డు గుమ్మంలోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు. కర్చీఫుతో మెడ తుడుచుకున్నాడు. వెనక్కి తిరిగేసరికి గొంతు మెత్తబడింది.

"నిజమే అమలమ్మా. ఇంత వేడికి ఏది తట్టుకుంటుంది? తెప్పిస్తా."

ఆయన నోట 'నిజమే' అన్న మాట అంతవరకూ ఎవరూ వినలేదు.

"ఈయనక్కూడా వడదెబ్బ తగిలినట్టుంది," అన్నాడు మరియదాసు.

శుక్రవారం షెడ్డు మూసి రెండు బ్లోయర్లు బిగించారు. శనివారం పొద్దున పండగ చేశారు. రవ్వ భయానికి స్విచ్చి షెడ్డు బయట గోడకి పెట్టారు. దానికి బంతిపూల దండేశారు, కొబ్బరికాయ కొట్టారు. చుట్టుపక్కల షెడ్ల ఓనర్లు వచ్చి కూల్‌డ్రింకులు తాగారు. ఎప్పుడో ఇవ్వాల్సింది ఇవ్వనివాళ్లు, ఇచ్చినరోజు ఫొటో అడుగుతారు. లక్ష్మీకాంత్ నాలుగువైపుల నుంచీ తీయించుకున్నాడు.

"నా పనోళ్లు నా పిల్లల్లాంటోళ్లండి," అని పక్క షెడ్డాయనకి చెప్పి, అమలమ్మని పిలిచాడు. "అడిగింది నువ్వు. నువ్వే నొక్కు."

నొక్కింది. లోపల్నుంచి లారీ స్టార్టయినంత మోత. జనం చప్పట్లు కొట్టారు. లక్ష్మీకాంత్ మీద ఇన్నాళ్లూ దుమ్మెత్తి పోసిన అమలమ్మ చేతులు వాటంతటవే దండం పెట్టాయి. వెంటనే ఇంటికి ఫోను చేసింది.

"సోమారం వచ్చెయ్యయ్యా. గాలి పెట్టించాను."

"మీ ఓనరా? గాలా?" శౌరయ్య నమ్మలేదు. "సరిగ్గా చూశావా?"

"మోత వినపడట్లా?"

కాసేపు విన్నాడు. "వినపడుతోంది. సరే, వస్తాను. ఆయనకి దండాలు చెప్పు."

చెప్పింది. లక్ష్మీకాంత్ తలూపి, "పదండి, పదండి, డబ్బాలు నింపాలి," అని అందర్నీ లోపలికి తోలాడు.

మధ్యాహ్నమైంది. గంట మోగలేదు. ఎవరూ బయటికి పోలేదు. బ్లోయర్లు హోరెత్తుతున్నాయి. అమలమ్మ జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది, నుదుటి మీది వెంట్రుక ఒక్కటీ కదలడం లేదు. కళ్లలోకి కారుతున్న చెమట కొంగుతో తుడుచుకుని తలెత్తింది.

బ్లోయర్లు రెండూ డిటెక్టర్ల వైపు తిప్పి ఉన్నాయి.