బూట్ల మచ్చిక

“ఇంట్లో బూట్లేందయ్యా! ఇప్పుడే తుడిచిన బండల మీద టకటకా తిరుగుతాండావు.”

నిర్మలమ్మ గొణుగుడు ప్రొద్దుటూరు ఎండలాంటిది. పొద్దున్నే మొదలైతే తొందరగా చల్లబడదు. ఆమె మొగుడు ఓబుళరెడ్డి మాత్రం హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి హాల్లోకి కుంటుతూ నడుస్తూనే ఉన్నాడు.

“కొత్త బూట్లు కరుస్తాయే. ఇప్పట్నుంచే మచ్చిక చేయల్ల. చలికాలంలో గండికోట లోయ దాకా నడవల్ల గదా.”

“నువ్వు పో. నేను రాను.”

పోయినేడు నిర్మలమ్మ గండికోటకని జమ్మలమడుగు దాకా బస్సులో హుషారుగానే వెళ్లింది. కోట వాకిట్లోనే చెప్పు కరిచి మడమ బొబ్బెక్కింది. షుగర్ ఒళ్లు. ఉగాది దాటినా పుండు మానలేదు. ఇక వీధి చివరి దాకా కూడా నడవనని ఒట్టు పెట్టుకుంది. నడవకపోతే కష్టమని డాక్టరు అన్నా వినలేదు.

ఎండల్లో చెమటకు బొబ్బలొస్తాయని ఓబుళరెడ్డి మేజోళ్లలో పౌడరు చల్లాడు. వానల్లో తడి మేజోళ్లు విప్పి పొడివి తొడిగాడు. బూట్లు ఆరడానికి లోపల పేపరు కుక్కాడు. ఆ పూట నిర్మలమ్మకు రాశిఫలాలు దొరకలేదు. చలి తగలగానే మడమలకు వాజ్‌లీను పట్టించాడు.

పక్కింటి గఫూర్ గోడ మీంచి తొంగి చూశాడు. “ఏంది మామా, బూట్లకు గులాబీ తాళ్లు?”

“తగ్గింపులో ఇవే మిగిలినాయప్పా.”

“కుంటుతాండావే?”

“రవ్వంత బిగుతు. నడిస్తే సాగుతాయి.”

“పెద్ద సైజు కొనల్ల గదా!”

“ఇవే సరిపోతాయిలే.”

“దుడ్లు పోసి బొబ్బలు కొనుక్కున్నాడు మీ బావ,” అని నిర్మలమ్మ పులివెందులలోని చెల్లెలికి ఫోన్లో చెప్పింది. ఫోను పెట్టేశాక ఆయన వేళ్లకు కొబ్బరినూనె తనే రాసింది. “ఆ కరిచేది నన్ను కరిచింటే ఏం గతయ్యా?”



కార్తీకం వచ్చింది. బూట్లు మెత్తబడి కరవడం మానేశాయి. ఆయన వాటిని తుడిచి, కొత్త మేజోళ్లు లోపల దోపి, డబ్బాలో పెట్టాడు. డబ్బా పట్టుకొని వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

బొబ్బలకైతే పౌడరుంది, వాజ్‌లీనుంది. ఈ మాట చెప్పడానికి మాత్రం ఏ మందూ లేదు. పెళ్లయి పాతబడినవాళ్లు ఎవరైనా ఉంటే, మీకు పుణ్యముంటుంది, కాస్త ఉపాయం చెప్పండి.

“ఈ బూట్లు మొదట్నుంచీ నీవే” అని ఆమెతో ఎట్లా చెప్పాలి?